ఎర్రబండి గంట, నీలంబండి గంట

ఈ ప్రయాణంలో పోగొట్టుకున్నవి ముందే లెక్క చెప్పేస్తాను. ఒక గొడుగు, బస్సులో. ఎడమచేతి బొటనవేలి గోరు, మదనపల్లెలో. రెండు కిలోల టమాటాలు, ట్రాక్టరు చక్రం కింద. కళ్ళజోడుకు ఒక పక్క కొమ్మ. అన్నిటి వెలా కలిపినా వెయ్యి రూపాయలు దాటదు. గోరు మళ్ళీ మొలిచింది కాబట్టి దాన్ని కొట్టేశాను. వెల కట్టలేనిది ఒకటే ఉంది. గంట అంటే అరవై నిమిషాలని ఇన్నేళ్ళూ నాకున్న నమ్మకం. అది చౌడేపల్లె దగ్గర ఒక చేని గట్టున పోయింది.

మాది కోవూరు పక్క పల్లె. బియ్యం మిల్లులో లెక్కలు చూస్తాను. పదో తరగతితో చదువు ఆగింది. వడ్డీ, తరుగు, తేమశాతం అన్నీ మిల్లులో కూర్చుని నేర్చుకున్నవే. నాకూ మా బావమరిదికీ కలిపి ఆరెకరాల మాగాణి ఉంది. కొత్త ట్రాక్టరు కొనే శక్తి లేదు. శక్తి ఉన్నా, చెడిపోతే కంప్యూటరు పెట్టి చూడాల్సిన బండి మా బావమరిదికి ఇష్టం లేదు. ముప్పై, నలభై ఏళ్ళ నాటి బండ్లు మదనపల్లె వైపు ఇంకా పొలాల్లో తిరుగుతున్నాయని విని, చూసి, పోల్చి, ఒకటి ఎంచుకోవడానికి నేను బయలుదేరాను.

ఆ రోజుల్లో ఒకదానితో ఒకటి పోటీపడిన కంపెనీల బండ్లు రెండు. పేర్లు ఇక్కడ రాయను. ఆ ప్రాంతంలో నేను వాటిని పేరుతో పిలవగా వినలేదు కూడా. ఒకటి ఎర్రబండి, ఇంకొకటి నీలంబండి. రెండూ మూడు సిలిండర్లవే. మనుషులు మాత్రం పుట్టుకతోనే ఎరుపు వాళ్ళుగానో, నీలం వాళ్ళుగానో పుట్టినట్టు మాట్లాడతారు.

మదనపల్లె

తెల్లారి బస్సు దిగితే చలి. మా నెల్లూరులో ఆ వేళకే చొక్కా ఒంటికి అంటుకుంటుంది. ఇక్కడ జ్యేష్ఠంలో కూడా టీ కొట్టు దగ్గర ముసలాయన ఒకడు మఫ్లరు కట్టుకుని ఉన్నాడు. టీ పన్నెండు రూపాయలు, గ్లాసు మాత్రం మా దాంట్లో ముప్పావు వంతు. పలకరింపులు కూడా వేరు. మా వైపు "భోంచేశారా" అంటారు. ఇక్కడ "ఈ దినం ఎంత పలికింది" అంటారు. పలికేది టమాటా. మార్కెట్టు దారి పొడవునా రంగురంగుల ప్లాస్టిక్ క్రేట్లు మిద్దెల ఎత్తున పేర్చి ఉన్నాయి. మొన్న ఆరు వందలు పలికిన క్రేటు ఆ ఉదయం మూడు వందల ఎనభైకి దిగిందట. టీ తాగుతున్న వాళ్ళెవరూ దాని గురించి గట్టిగా మాట్లాడలేదు. పంట అమ్ముకుని వచ్చినవాడు ఎవడో, ఇంకా అమ్మాల్సినవాడు ఎవడో ముఖాలు చూస్తే తెలిసిపోతోంది.

పుంగనూరు రోడ్డులో బాషా షెడ్డు ఉంది. పాత ట్రాక్టర్లు మాత్రమే బాగుచేస్తాడని మా మిల్లుకు వచ్చే లారీ డ్రైవరు చెప్పాడు. బాషాకు నా వయసే ఉంటుంది. నేను వెళ్ళేసరికి ఒక ఎర్రబండి గేరుపెట్టె విప్పి ఉంది, ఒక నీలంబండి వెనక చక్రాలు లేకుండా దిమ్మెల మీద నిలబడి ఉంది. వాటి యజమానులిద్దరూ ఎదురెదురు స్టూళ్ళ మీద కూర్చుని ఉన్నారు. నేను ఏది కొనాలా అని అడగడమే నా తప్పు.

కురబలకోట నుంచి వచ్చినాయన నీలం మనిషి. ఎర్రబండికి ముందర బరువు లేదనీ, ట్రాలీ నిండా చెనక్కాయ మూటలెత్తి గడ్డ ఎక్కిస్తే పెళ్ళి గుర్రంలా ముందుకాళ్ళు లేపుతుందనీ చెప్పాడు. ఎర్రబండి ఆయన తొణకలేదు.

"నీలంబండి కొన్నోడికి డీజిలు బంకోడు మామ అవుతాడప్పా," అన్నాడు నాతో. "పండగకీ పబ్బానికీ వాడింటికే పోవల్ల."

బాషా తల పైకెత్తకుండానే తీర్పు చెప్పాడు. "ఎర్రది పిలిస్తే పలుకుతాది సార్. నీలంది తిడితే పలుకుతాది. రెండూ పలుకుతాయి కదా, అది సూసుకోండి."

నేను పోల్చుకోవడానికి నాలుగు ప్రశ్నలు పెట్టుకుని వచ్చాను. ఎకరాకు డీజిలు ఎంత, వెనక చేతులు ఎంత బరువెత్తుతాయి, విడిభాగాలు దొరుకుతాయా, తెల్లవారి చలిలో ఎన్నోసారికి స్టార్టవుతుంది. రెండో ప్రశ్నకు జవాబు వెతుకుతూ నీలంబండి లింకు పిన్ను లాగాను. దానికి తగిలించిన ఇనుప చట్రం దిగి నా వేలి మీద కూర్చుంది. గోరు అక్కడే పోయింది.

బాషా తన మోపెడ్ మీద మిషన్ ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. కట్టు కట్టిన నర్సమ్మ నెమ్మదైన మనిషి. ట్రాక్టరు కొనడానికి వచ్చి ఇలా అయిందంటే, తన నాన్నకూ ఎర్రబండి ఉండేదని, ఆదివారం ప్రార్థనకు ఊరంతా దాని ట్రాలీలోనే వచ్చేదని చెప్పింది. దెబ్బ ఎముక దాకా పోనందుకు దేవునికి కృతజ్ఞత చెప్పి, చీటీ రాసి, కొనేముందు చేతులు జేబులో పెట్టుకుని చూడమని సలహా ఇచ్చింది. ప్రయాణమంతటికీ అదే మంచి సలహా.

తిరుగు దారిలో బాషా అసలు సంగతి చెప్పాడు. ఆ చుట్టుపక్కల బాగా చూసుకున్న బండ్లు రెండే ఉన్నాయి. ఎర్రది చౌడేపల్లె దగ్గర వెంకటరమణప్ప అనే రైతుది. అది అమ్మడు, కానీ అడిగితే నడిపి చూపిస్తాడు. నీలంది కుప్పం దగ్గర గంగులప్పది. అది అమ్మకానికి ఉంది.

"కానీ అమ్మడు సార్," అన్నాడు. "మూడేండ్లుగా అమ్ముతానే ఉండాడు. వచ్చినోళ్ళను కాఫీ ఇచ్చి పంపించేస్తాడు. యాల అని మీరే అడగండి. నేను అడిగితే తిట్టినాడు."

పుంగనూరు మీదుగా చౌడేపల్లె

పుంగనూరులో బస్సు మారాను. గొడుగు మొదటి బస్సులోనే ఉండిపోయింది. ఆ ఊరి పేరుతో పిలిచే పొట్టి ఆవును బస్టాండు వెనక మొదటిసారి చూశాను. మా వైపు ఏడాది దూడంత ఉంది. దాని పక్కన నిలబడ్డ రైతు దాన్ని అమ్మే ఉద్దేశం లేకుండానే నాకు ధర చెప్పాడు. ఆ డబ్బుకు మా ఊళ్ళో మంచి గేదెలు రెండు వస్తాయి. ఆ మాట నేను పైకి అనలేదు.

వెంకటరమణప్ప పొడుగాటి మనిషి, డెబ్బై దాటాయి. ఎర్రబండి రేకుల షెడ్డులో ఉంది. సీటు కింద ఒక్క చుక్క నూనె మరక లేదు. ఇంట్లో రాగిసంగటి, ఊరిబిండి అనే చెనగ్గింజల పచ్చడి, వంకాయ పులుసు పెట్టారు. సంగటిని ఎలా మింగాలో తెలియక నమిలాను. ఆయన కాసేపు చూసి, "దాన్ని నమలకూడదప్పా, నమిలితే నొచ్చుకుంటాది," అన్నాడు.

ఆ నేల మా నేల కాదు. మా మాగాణిలో నీళ్ళు నిలబెట్టి, ఇనుప చక్రాలతో దమ్ము చేస్తాం. బురదకు బండి లొంగాలి. ఇక్కడ ఎర్రమట్టి, అందులో రాళ్ళు. దున్నేవాడి చెవి ఎప్పుడూ వెనక్కే ఉంటుంది, కల్టివేటరు పళ్ళు రాయికి తగిలిన చప్పుడు కోసం. ఇంకో తేడా కూడా ఉంది. మా వైపు దున్నకం ఎకరా లెక్క. ఇక్కడ గంట లెక్క. గంటకు ఇంతని అద్దె, ఆ గంట చూసేది చేతి గడియారంలో కాదు, బండి మీటరులో. స్టీరింగు ముందు గుండ్రటి మీటరు ఉంటుంది, దాని అడుగున గంటల అంకెలు, చివరి గడిలో గంటలో పదో వంతు. ఎక్కేముందు అంకె చూస్తారు, దిగాక అంకె చూస్తారు. మధ్యలో బీడీ తాగారా, టీ తాగారా అన్న గొడవ లేదు. ఇంజను ఆపితే మీటరూ ఆగుతుంది. చాలా న్యాయమైన పద్ధతి అనిపించింది.

ట్యాంకు అంచు దాకా డీజిలు పోయించి, తొమ్మిది పళ్ళ కల్టివేటరు తగిలించి, రెండెకరాల చెనక్కాయ చేను దున్ని చూపించమని అడిగాను. వెంకటరమణప్ప తానే ఎక్కాడు. రేజు, అంటే ఇంజను వేగం పెంచే మీట, బాగా లాగి ఉంచి, బండిని ఉరికించే అలవాటు ఆయనది. నేను గట్టు మీద నిలబడి గడియారం చూశాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. దిగి వచ్చి, "సరిగ్గా రెండు గంటలు," అన్నాడు.

నేను గడియారం చూపించాను. ఆయన మీటరు చూపించాడు. మీటరు సరిగ్గా రెండు గంటలు జరిగి ఉంది. మీటరు కొంచెం తొందరగా తిరుగుతున్నట్టుంది అన్నాను. అంతే, ఆయన ముఖం మారిపోయింది. భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు.

"నేను దొంగ గంటలు లెక్కేసి దుడ్లు తీసుకునేవాణ్ణంటావా?"

అలా అనలేదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. నిజానికి అప్పటికి నేను అనుకున్నది దాదాపు అదే. మీటరు పాతదై పాడయిందనుకున్నాను. కానీ పాడయిన మీటరు రెండెకరాలకు సరిగ్గా రెండు గంటలు ఎలా చూపిస్తుంది? ఆయన్ను బతిమాలి ఇంజనును ఊరికే తిప్పి ఉంచమన్నాను. రేజు తగ్గించి పెడితే పదిహేను నిమిషాలకు చివరి గడిలో ఒక్క అంకె జరిగింది. దున్నేటప్పటి రేజు పెడితే అదే పదిహేను నిమిషాలకు మూడు అంకెలు జరిగాయి.

అప్పుడు అర్థమైంది. ఆ మీటరు కాలాన్ని లెక్కపెట్టడం లేదు, ఇంజను తిరిగిన తిరుగుళ్ళను లెక్కపెడుతోంది. కంపెనీవాడు ఒక వేగాన్ని అనుకుని, ఆ వేగంలో అరవై నిమిషాలు తిరిగితే గంట అని పళ్ళచక్రాలు బిగించాడు. అంతకంటే గట్టిగా తిప్పితే గంట యాభై నిమిషాలకే వస్తుంది, మెల్లగా తిప్పితే ఎంతకీ రాదు. మీటరు అబద్ధం చెప్పలేదు. వెంకటరమణప్పా చెప్పలేదు. గంటే అక్కడ వేరు.

ఆ మాట చెప్పాక ఆయన కోపం తగ్గింది. కానీ సంతోషం రాలేదు. షెడ్డు గుంజకు ఆనుకుని కూర్చుని, గంగులప్ప సంగతి తనే ఎత్తాడు.

ఇద్దరివీ పక్కపక్క చేన్లు. ఎద్దుల కాలం నుంచి ఆ రెండిళ్ళ మధ్య బదులు దున్నకం ఉంది. వీళ్ళ ఎద్దులు వాళ్ళకు, వాళ్ళ ఎద్దులు వీళ్ళకు, మధ్యలో డబ్బు లేదు. ట్రాక్టర్లు వచ్చాక ఒకడు ఎరుపు, ఇంకొకడు నీలం కొన్నారు. బదులు మాత్రం ఆగలేదు, మీటరు గంటల్లోకి మారింది. ఆ తర్వాత భార్య తరఫు భూమి కలిసివచ్చి గంగులప్ప కుప్పం వెళ్ళిపోయాడు. వెళ్ళేనాటికి ఎర్రబండి వాళ్ళకు దున్నింది తొంభై తొమ్మిది గంటలు. నీలంబండి వీళ్ళకు దున్నింది యాభై ఏడు. ఈ రెండు అంకెల మీద ఇద్దరికీ తగాదా లేదు.

"నలభై రెండు గంటలు బాకీ ఉండావురా అంటే, నీకే నేను జాస్తి దున్నినా అనె," అన్నాడు వెంకటరమణప్ప. "అంకెలు ఒప్పుకుంటాడు, బాకీ ఒప్పుకోడు. అట్లాంటోడితో ఏం మాట్లాడేది? మాట్లాడలా."

ఆ పద్ధతికి ఒక నియమం ఉందని కూడా అప్పుడే తెలిసింది. బదులు తీరని ఎద్దును అమ్మకూడదు. ఇచ్చినవాడు నోటితో "తీరింది" అంటేనే అమ్మాలి. ఎద్దులు పోయి ఇనుము వచ్చినా నియమం పోలేదు. బండి కొనడానికి వచ్చినవాళ్ళకు గంగులప్ప కాఫీ ఇచ్చి ఎందుకు పంపుతున్నాడో నాకు తెలిసింది. అక్కడ ఆ మాట నేను ఎత్తలేదు. నీలంబండి మీటరు చూడకుండా నోరు తెరవకూడదనుకున్నాను. వచ్చేటప్పుడు వెంకటరమణప్ప రెండు కిలోల టమాటాలు సంచిలో పోశాడు. ఎర్రబండి రెండెకరాలకు తాగిన డీజిలు ఏడు లీటర్లు.

కుప్పం

పలమనేరు దాటాక బస్సులో భాషలు కలిసిపోయాయి. కండక్టరు తెలుగులో టిక్కెట్టు ఇచ్చాడు, పక్క సీటామె తమిళంలో జరగమంది, ఆమె మనవరాలు కన్నడంలో ఏడ్చింది. ఎవరికీ ఎవరితోనూ ఇబ్బంది లేదు. కుప్పంలో ఇడ్లీ పదికి ఒకటి. సాంబారు అడగకుండానే మూడుసార్లు పోశారు. మా ఊళ్ళో రెండోసారికే గరిటె వెనక్కి పోతుంది.

గంగులప్ప పొట్టివాడు, నవ్వుముఖం, మోకాళ్ళు మాత్రం పోయాయి. మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాలి. నీలంబండి పశువుల పాక పక్కన టార్పాలిను కింద ఉంది. ప్రతి శనివారం టార్పాలిను విప్పి, తుడిచి, ఒకసారి స్టార్టు చేసి, మళ్ళీ కప్పుతాడట. ఆయన భార్య రత్నమ్మ ఆ మాట విని లోపలి నుంచి వచ్చింది.

"శనివారం శనివారం ఆ బండికి అభిషేకం చేస్తాడప్పా. నాకు తలనొప్పి వస్తే మాత్ర తెచ్చిచ్చేదానికి మాత్రం మోకాళ్ళు నొప్పి."

బండి అమ్మితే రెండు సీమ ఆవులు కొనాలని వాళ్ళ ఆలోచన. ఆ వైపు పాల డబ్బు పదిహేను రోజులకొకసారి చేతికొస్తుంది. క్లచ్చు తొక్కలేని కాలుతో ట్రాక్టరు నడపలేడు, పాలు మాత్రం ఇంట్లో కూర్చుని పిండొచ్చు. మూడేళ్ళలో మంచి బేరాలు మూడు వచ్చాయి. మూడూ పోయాయి. వెంకటరమణప్ప "తీరింది" అనలేదు. అనమని అడగడానికి ఈయన వెళ్ళలేదు. వెళ్తే బాకీ ఉన్నట్టు ఒప్పుకోవడమే కదా.

"పొద్దు పుట్టి ఎక్కితే పొద్దు మునిగి దిగుతాంటి," అన్నాడు గంగులప్ప. "వాడు రొంతసేపు దున్ని, అయిదు గంటలాయె అంటాండె. ఆ ఎర్రబండి గంటలు యాడివో నాకు తెల్దు."

నీలంబండి తొలి తిప్పుకు దగ్గింది, రెండో తిప్పుకు అందుకుంది. దున్నడానికి రత్నమ్మ తమ్ముడి రాగిచేను దొరికింది, రెండెకరాలు. కాలు నొప్పైనా గంగులప్ప ఇంకొకరిని ఎక్కనివ్వలేదు. బండి వెనక్కి తీసేటప్పుడు నా సంచి చక్రం కిందకు పోయి టమాటాలు అయిపోయాయి. సంచిని లాగబోయి కళ్ళజోడు జారవిడిచాను.

ఆయన నడక వేరు. రేజు తక్కువ, గేరు పెద్దది, పదకొండు పళ్ళ కల్టివేటరు. దూరం నుంచి చూస్తే బండి నిద్రపోతున్నట్టుంది. రెండెకరాలకు గంటా నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది. మీటరు జరిగింది గంటా, దాని మీద రెండు పదో వంతులు. ట్యాంకు నింపితే పట్టింది ఆరున్నర లీటర్లు. ఎక్కువ తాగుతుందని మదనపల్లెలో పేరుమోసిన బండి ఎర్రదానికంటే అర లీటరు తక్కువ తాగింది. నేను పోల్చడానికి వచ్చింది రెండు బండ్లను. కానీ కొలిచింది రెండు చేతుల అలవాట్లనేమో.

సుద్దముక్క అడిగి తీసుకుని, నీలంబండి మడ్‌గార్డు మీదే లెక్క వేశాను. రత్నమ్మ కూడా వచ్చి నిలబడింది.

మీటరు ప్రకారం గంగులప్ప నలభై రెండు గంటలు బాకీ. గడియారం ప్రకారం చూద్దాం. ఎర్రబండి మీటరు గంట అంటే యాభై నిమిషాలు. తొంభై తొమ్మిది గంటలంటే నిజంగా ఎనభై రెండున్నర. నీలంబండి మీటరు గంట అంటే తొంభై నిమిషాలు. యాభై ఏడు గంటలంటే నిజంగా ఎనభై అయిదున్నర. అంటే వెంకటరమణప్పే మూడు గంటలు బాకీ.

రత్నమ్మ చేతులు నడుము మీద పెట్టుకుంది. గంగులప్ప మెడ నిక్కింది. నేను అక్కడ ఆపేసి ఉంటే ఆ పూటే బేరం కుదిరేదేమో. నాకు ఎకరాల లెక్క అలవాటు, దాన్ని రాయకుండా ఉండలేకపోయాను. ఎర్రబండికి ఎకరాకు ఒక మీటరు గంట, కాబట్టి తొంభై తొమ్మిది ఎకరాలు. నీలంబండికి ఎకరాకు గంటలో ఆరు పదో వంతులు, కాబట్టి తొంభై అయిదు ఎకరాలు. గంగులప్ప నాలుగెకరాలు బాకీ.

మూడు లెక్కలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మూడూ తప్పు కావు. ఏది తీసుకుంటారని అడిగాను.

"గడియారందే," అంది రత్నమ్మ. "మనిషి కష్టం గడియారంలో కదా ఉండేది. ఈయన పొద్దంతా ఎండలో కూర్చునింది ఏమాయె?"

గంగులప్ప మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి ఆ అంకెల్ని ఒక్కొక్కటిగా చూశాడు. ఆయనకు చదువు రాదు, కానీ అంకెలు తెలుసు.

"విత్తనం గడియారంలో ఏస్తామా?" అన్నాడు చివరికి. "నేలలోనే కదా ఏసేది. నాలుగెకరాలు తక్కువ దున్నింటే తక్కువే. మూడేండ్లుగా లేదు లేదంటాండా." మడ్‌గార్డు మీంచి చెయ్యి తీసి, "రేపు పోతాం," అన్నాడు.

మళ్ళీ చౌడేపల్లె

తెల్లవారకముందే బయలుదేరాం. ఆయన సీటులో, నేను మడ్‌గార్డు మీద, కల్టివేటరు వెనక పైకెత్తి కట్టి. వి.కోటలో టిఫిను, పలమనేరులో టీ. గంగులప్ప టీ తాగడానికి కూడా దిగలేదు. దిగితే మళ్ళీ ఎక్కడం కష్టమని నాతో గ్లాసు పైకి తెప్పించుకున్నాడు. దారిలో ఎర్రబండి ఎదురైన ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టాడు. ఒకదానికి పొగ, ఒకదానికి చప్పుడు, ఒకదానికి డ్రైవరు మీసం.

చౌడేపల్లె చేరేసరికి మధ్యాహ్నం దగ్గర పడింది. ఇంకా మలుపులో ఉండగానే వెంకటరమణప్ప షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాడు. ఆ చప్పుడు ఆయనకు తెలుసు. గంగులప్ప ఇంజను ఆపలేదు. ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోలేదు కూడా. నేనే దిగి, ఇంజను చప్పుడు మీద అరిచి అరిచి మూడు లెక్కలూ చెప్పాను. వెంకటరమణప్ప నీలంబండి దగ్గరికి నడిచి మీటరు వైపు వంగి చూశాడు, తన మీటరు దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. తర్వాత తన చేని వైపు చెయ్యి చూపించాడు. అంతే.

గంగులప్ప దున్నడం మొదలుపెట్టాడు. వెంకటరమణప్పా నేనూ గట్టు మీద కూర్చున్నాం. ఆయన మట్టిని చూస్తున్నాడనుకున్నాను. కాసేపటికి తెలిసింది, చూస్తున్నది క్లచ్చు మీది కాలును. చేని చివర బండి తిప్పిన ప్రతిసారీ గంగులప్ప ఎడమచేత్తో తన మోకాలిని పట్టుకుని కిందికి నొక్కేవాడు. నాలుగెకరాల చేనుకు ఎన్ని మలుపులో నేను లెక్క వేయగలను. ఎందుకో వేయలేదు.

మూడున్నర ఎకరాలు అయ్యేసరికి వెంకటరమణప్ప లేచి చాలులోకి నడిచి, బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"సాలు. ఆపు."

"ఇంకా అర ఎకరా ఉండాది," అన్నాడు గంగులప్ప. మూడేళ్ళ తర్వాత ఒకరితో ఒకరు ఆడిన మొదటి మాటలు అవే.

"తెలుసులే. నాకూ లెక్క వచ్చు."

"పూర్తి చేస్తా. జరుగు."

"జరగను. కాలు సూసుకో ముందు." వెంకటరమణప్ప నీలంబండి బానెట్టు మీద అరచేయి వేశాడు. "ఈ బండికి తీరింది. ఇది నా నోటి మాట. అమ్ముకో. మనిషికి మాత్రం అర ఎకరా ఉండాది."

గంగులప్పకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. మా మిల్లులో సాయంత్రానికి ప్రతి లెక్కా సున్నాకు రావాలి. రాకపోతే నేను ఇంటికి వెళ్ళను. ఇరవై ఏడు నిమిషాల పని మిగిలింది, కాలు నొప్పిగా ఉంటే నేనైనా ఎక్కి పూర్తి చేస్తానని చెప్పాను. వెంకటరమణప్ప నావైపు తిరగలేదు.

"బండి అమ్మేస్తే నేను దేంతో దున్నేదిరా?" అన్నాడు గంగులప్ప.

"నా దాంతో. ఎర్రబండి ఎక్కి దున్ను. కాలు బాగైనప్పుడు రా. రాకపోతే సంగటి తిని పో."

"ఆ బండి నేను ఎక్కేది లేదు."

"ఎక్కకపోతే బాకీ ఉండు. నాకేం తొందర?"

గంగులప్ప ఇంజను ఆపాడు. అంతసేపూ ఆగని చప్పుడు ఆగాక చేను చాలా పెద్దదిగా కనిపించింది. వెంకటరమణప్ప చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని గంగులప్ప దిగాడు, దిగుతూ ఎర్రబండి సైలెన్సరు గురించి ఏదో అన్నాడు. వెంకటరమణప్ప బదులు ఏదో అన్నాడు. ఇంటిదాకా అలా అనుకుంటూనే నడిచారు. వెనక నేను ఒక్కడినే నీలంబండి దగ్గర నిలబడి ఉన్నాను, ఇక అది నాదే కాబోతోందన్న సంగతి చాలా సేపటికి గుర్తొచ్చింది.

ధర ఎంతో రాయను. గంగులప్పకు మాట ఇచ్చాను. రెండు ఆవులు వచ్చాయి, కొంత మిగిలింది. మదనపల్లె లారీ ఒకటి బండిని కోవూరు చేర్చింది. మా బురదలో ఇనుప చక్రాలతో దాని ఎకరా లెక్క మారిపోయింది. దాన్ని మళ్ళీ మొదటి నుంచి కొలుచుకున్నాను. ఎరుపా, నీలమా అని ఎవరైనా అడిగితే, నడిపే మనిషిని చూపించమంటున్నాను. ఈ జవాబు మా బావమరిదికి నచ్చలేదు. నీలం కొన్నాక నీలమే గొప్పదని చెప్పాలట.

నెలకోసారి కుప్పానికి ఫోన్ చేస్తాను. గంగులప్ప ఇప్పటికి చౌడేపల్లెకు నాలుగుసార్లు బస్సులో వెళ్ళి వచ్చాడు. ప్రతిసారీ ఎర్రబండి దాకా వెళ్తాడట. సీటు ఎత్తు ఎక్కువని ఒకసారి, క్లచ్చు గట్టిదని ఒకసారి, నేల తడిగా ఉందని ఒకసారి. మొన్న వెళ్ళినప్పుడు సీటు మీద కూర్చుని, గేరు వేయకుండా దిగేశాడని రత్నమ్మ చెప్పింది. సంగటి మాత్రం నాలుగుసార్లూ తిన్నాడు. చౌడేపల్లెకు కూడా ఫోన్ చేసి, లెక్క ఎక్కడి దాకా వచ్చిందని అడిగాను. వెంకటరమణప్ప వెంటనే చెప్పాడు.

"అర ఎకరా."